తీసివేయు స్వాతంత్ర్యము: చేతిఫోనును గూర్చిన యొక చరిత్ర

తెలుగునాట పాతయిండ్లకు వీథివైపున అరుగుండెడిది. బాటసారి యచట కూర్చుండవచ్చును. కూరలమ్మునది గంప దింపుకొనవచ్చును. పరిచయములేనివాడు సైతము ఎండ తగ్గువఱకు నడుము వాల్చవచ్చును. గడప దాటి పడసాలలోనికి వచ్చుటకు పిలుపు కావలెను. వంటయింటిలోనికి వచ్చుటకు చుట్టరికమే కావలెను. ఆ గడప యెందఱిని అన్యాయముగ వెలుపల నిలిపినదో, లోపలి స్త్రీకి ఏపాటి యేకాంతము మిగిల్చినదో మేమెఱుగకపోలేదు. పాతయింటిని పొగడుట మా యుద్దేశము కాదు. ఏది పరులకు, ఏది తమకు అను విభాగము ఆ కట్టడమునందే కంటికి కనబడెడిదని మాత్రము చెప్పుచున్నాము. నేడు మన యిండ్లలో మిక్కిలి లోపలిగది చేతిఫోను. బ్యాంకు లెక్కలు, వైద్యుని చీటీలు, భార్యాభర్తల సంభాషణలు, బిడ్డల ఛాయాచిత్రములు అన్నియు అందే యున్నవి. ఆ గదికి అరుగు లేదు. అంతకంటె చోద్యము, గది మన చేతికి వచ్చునప్పటికే అందు కొందఱు కాపురముందురు. వారిని వెడలగొట్టు స్వాతంత్ర్యము కొన్నవానికి గలదా లేదా యనునదే యీ వ్యాసమున మేము విచారింపదలచిన ప్రశ్న.

ప్రశ్న క్రొత్తదివలె దోచును గాని దానికి పూర్వచరిత్ర కలదు. ఆ చరిత్రలో తెలుగువారి పాలు స్వల్పము కాదు.

వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను నెలకొల్పిరి; 1883లో స్త్రీలకొఱకు సతీహితబోధినిని ప్రారంభించిరి. ఆడువారికి చదువేల యని యడుగువారికి ఆ కాలమున చెప్పదగిన సమాధానములలో నొకటి మిక్కిలి సామాన్యమైనది. చదువురాని యామె తన తల్లి వ్రాయించిన యుత్తరమునైనను మూడవవాని నోటనే వినవలసియుండెను. ఆ మూడవవాడు మంచివాడే కావచ్చును. అయినను ఉత్తరమామెది, మొదట తెలిసికొనువాడతడు. అక్షరము నేర్చుకొన్న స్త్రీ మొట్టమొదట సంపాదించుకొన్నది విజ్ఞానము కాదు, కవరు తన చేతితో చింపుకొను స్వేచ్ఛ యని మా తలంపు. ఆ దశాబ్దములలోనే ప్రభుత్వము 1885 నాటి టెలిగ్రాఫు చట్టమున, 1898 నాటి తపాలా చట్టమున, అవసరమని తనకు తోచినప్పుడు తంతులను జాబులను నడుమ నాపి చూచుటకు అధికారము నుంచుకొనెను. ఒకచేత ఉత్తరము వ్రాసికొను విద్య, మఱియొకచేత దానిని విప్పు చట్టము: ఇవి రెండును ఒకే తరములో మన యింటికి వచ్చినవి.

స్వతంత్రభారతమున ఈ సంగతి అత్యున్నత న్యాయస్థానము ముందునకు స్పష్టముగ వచ్చినది ఖడక్ సింగు కేసులో. ఉత్తరప్రదేశమున నతనిపై దోపిడీ నేరము మోపి, సాక్ష్యము చాలక విడిచిపెట్టిరి. విడిచిపెట్టియు పోలీసులు అతని పేరిట చరిత్రపట్టికను తెఱచి, రాత్రివేళల నింటికి వచ్చి తలుపుతట్టి లేపుచు, రాకపోకలను కనిపెట్టుచుండిరి. 1962 డిసెంబరు 18వ తేదీన ఆర్గురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. రాత్రి తలుపుతట్టుట తగదని అందఱును అంగీకరించిరి. కాని రహస్యముగ కాచియుండుట, రాకపోకలను వ్రాసికొనుట తప్పుకాదనియు, ఏకాంతమను హక్కు మన రాజ్యాంగమున లేదనియు అధికసంఖ్యాకులు తలచిరి. వారితో నేకీభవింపక భిన్నాభిప్రాయము వ్రాసినవారు కోకా సుబ్బారావుగారు; జస్టిస్ షా వారితో గలసిరి.

సుబ్బారావుగారు వీరేశలింగముగారి రాజమహేంద్రవరముననే 1902లో జన్మించిరి. 1954లో ఆంధ్రరాష్ట్రపు హైకోర్టునకు తొలి ప్రధానన్యాయమూర్తియైరి. పిదప దేశమునకే ప్రధానన్యాయమూర్తియైరి. వారి వాదము సారాంశమిది: మనుష్యుని కాళ్ళకు సంకెలలేనంతమాత్రమున వాడు స్వతంత్రుడు కాడు. ఎవరో తన్ను కనిపెట్టుచున్నారని యెఱిగినవాడు తన యిచ్చవచ్చినట్లు నడువజాలడు, మాటలాడజాలడు. నిఘా శరీరమును ముట్టకయే మనస్సును బంధించును. రాజ్యాంగమున ఏకాంతమను మాట కనబడకపోయినను వ్యక్తిస్వాతంత్ర్యములో నది యంతర్భూతమే. చేతిఫోను పుట్టుటకు ఎన్నియో యేండ్లకు పూర్వము, రాత్రి తలుపుతట్టు జవానును చూచి వ్రాసిన యా పుటలు నేటి ఫోనును చూచి వ్రాసినట్లుండుట మాకు ఆశ్చర్యముగ నున్నది. సుబ్బారావుగారు 1976లో దివంగతులైరి. వారి మాట దేశపు ధర్మశాసనమైనది 2017 ఆగస్టు 24వ తేదీన. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు ఆధారు విషయమై వేసిన కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగ ఏకాంతము ప్రాథమికహక్కని నిర్ణయించి, 1962 నాటి తీర్పులోని వ్యతిరేకభాగమును త్రోసిపుచ్చిరి. ఆ తొమ్మండుగురిలో కృష్ణాజిల్లా బిడ్డయైన జాస్తి చలమేశ్వరుగారొకరు. భిన్నాభిప్రాయము తీర్పగుటకు ఏబదియైదేండ్లు పట్టినది.

ఆ నడుమ హైదరాబాదుననే పుట్టిన మఱియొక కేసు కలదు. దానిని సామాన్యులు అంతగా తలంపరు. మా విషయమునకు మాత్రమది అన్నింటికంటె దగ్గఱది. స్టాంపుల చట్టము 73వ సెక్షనును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1986లో సవరించెను. ఆ సవరణను బట్టి కలెక్టరు అధికారమిచ్చిన యెవడైనను, పత్రములున్న చోటికి బ్యాంకైనను సరే ప్రవేశించి, స్టాంపు తక్కువపడినదని తలచిన కాగితములను పట్టుకొనిపోవచ్చును. కెనరా బ్యాంకు మొదలగు బ్యాంకులు దీని నెదిరించినవి. హైకోర్టు ఆ సవరణను కొట్టివేసినది. జిల్లా రిజిస్ట్రారు, హైదరాబాదు కలెక్టరు సుప్రీముకోర్టునకు పోయిరి. 2004 నవంబరులో తీర్పు వచ్చినది. ఖాతాదారుడు తన పత్రములను బ్యాంకునకు స్వయముగ నిచ్చినాడు గదా, ఇచ్చినవానిపై నతనికింక గోప్యతయెక్కడిది యని ప్రభుత్వపక్షపు వాదము. అమెరికా సుప్రీముకోర్టు 1976లో మిల్లర్ కేసున అట్లే తీర్మానించియుండెను. మన న్యాయస్థానము ఆ త్రోవను పోలేదు. ఏకాంతము స్థలమునకు సంబంధించినది కాదు, మనుష్యునకు సంబంధించినది. కాగితము ఇనుపపెట్టెలోనున్నను బ్యాంకులోనున్నను అది యెవనిదో వానిదే. ఒక పనికొఱకు ఒకరిచేతికిచ్చినంతమాత్రమున లోకమున కంతటికి నిచ్చినట్లు కాదు అని నిర్ణయించినది. ఫోనులోని దారిపటమునకు మనము దారి తెలిసికొనుటకై మన యునికిని చెప్పుదుము. అది మఱియొకనికి మన యునికిని అమ్ముకొనుటకు అనుజ్ఞయా? 2004 నాటి తీర్పును చదివినవారు కాదనియే చెప్పుదురు.

న్యాయస్థానముల మాట ఇట్లుండగా, ఆ హైదరాబాదుననే తూర్పుదిక్కున దిల్‌సుఖ్‌నగరును, లాల్‌బహద్దూర్ శాస్త్రిగారి పేరిట వెలసిన ఎల్బీనగరును చూడుడు. విజయవాడ రహదారి నగరమును చేరు ముఖద్వారమిది. నల్లగొండ, ఖమ్మము జిల్లాలనుండియు కోస్తానుండియు వచ్చు విద్యార్థి ఇచటనే బస్సు దిగును. ఇచటి హాస్టలులో మంచమొకటి కుదుర్చుకొనును. ఇచటి శిక్షణాలయములలో సర్కారు కొలువుకై చదువును. వానికి గది నలుగురితో ఉమ్మడి, స్నానశాల పదిమందితో ఉమ్మడి. తనకొక్కనికే చెందినది చేతిలోని ఫోను. ఆ ఫోనుకూడ చౌకరకముదే కొనును, లేదా కంతులపై కొనును. ఏకాంతమునుగూర్చి మాటలాడుట కలవారి వేడుకయని కొందఱందురు. ఉన్న యొక్క గదియును ఫోనేయైనవానికి అది యెంత యవసరమో ఈ వీథులలో నడచిచూచిన తెలియగలదు.

అయితే ఇదే వీథులలో నిఘాను తేలికగా నిందించుటకు మాకు నోరు రాదు. 2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలము దిల్‌సుఖ్‌నగరున, బస్సుస్టాపువద్దను సినిమాహాలువద్దను, సైకిళ్ళకు కట్టిన రెండు బాంబులు ప్రేలి పదునాఱుగురికి తక్కువకాకుండ ప్రాణములు గోల్పోయిరి. అంతకుముందు 2002 నవంబరులోను ఇచటి సాయిబాబా దేవాలయమువద్ద బాంబు ప్రేలినది. 2013లోనే ప్రజాభద్రతాచట్టమొకటి వచ్చి, జనము గుమిగూడు దుకాణములు మొదలైన తావులలో కెమెరాలుంచి ముప్పదిదినముల దృశ్యములను భద్రపఱుపవలెనని విధించినది. 2013 నాటి ఘాతుకమునకు అయిదుగురికి 2016లో మరణశిక్ష విధింపబడగా, 2025 ఏప్రిలులో హైకోర్టు దానిని స్థిరపఱచినది. బిడ్డను కోల్పోయిన తల్లితో స్తంభముమీది కెమెరాను తీసివేయుదమని మేము చెప్పబోము. కెమెరాకును హద్దులుండవలెను, దాని కొక శాసనముండవలెను. ముఖమును గుర్తుపట్టు యంత్రముల వాడుకపై హైదరాబాదు వాస్తవ్యులు మసూద్‌గారు తెలంగాణ హైకోర్టునకు పోయినది ఆ హద్దులకొఱకే. కాని యది వేఱు తగవు. కెమెరా స్తంభముమీద నున్నది, కంటికి కనబడును, దానికి కారణము చెప్పుటకొక ప్రభుత్వము కలదు. జేబులోని కావలివాడు కనబడడు. వాడు ఎవరి ప్రాణమును కాచుటకును పుట్టినవాడు కాడు. చెప్పులమ్ముటకును, ఋణములమ్ముటకును పుట్టినవాడు. మొదటివానికి మనము చూపు సహనమును రెండవవాడు దొంగిలించి యనుభవించుచున్నాడు.

వాని స్వరూప మెట్టిది? ఫోను కర్మాగారమునుండి వెడలునప్పుడే అందు అనేక యాప్‌లు చేర్చబడియుండును. వీనిలో కొన్ని లేనిదే ఫోను పలుకదు. మఱికొన్ని వ్యాపారపు టొడంబడికవలన వచ్చినవి; యాప్ కంపెనీ ఫోను కంపెనీకి సొమ్మిచ్చును, ఆ సొమ్ముచేత ఫోను వెల కొంత తగ్గును, తగ్గిన భాగమును కొన్నవాడు మఱియొకరూపమున చెల్లించును. మనము తెచ్చిపెట్టుకొన్న యాప్ ఉన్నచోటు వేఱు, ఇవి యున్నచోటు వేఱు: ఫోనునకు పునాదియైన భాగమున నుండుటచేత వీనిని సామాన్యమైన రీతిని చెఱుపుటకు వీలుకాదు. అంతేకాదు, మనము తెచ్చుకొన్న యాప్ కెమెరాను తాకవలెనన్న మనలనడుగును. పునాదిలోని యాప్‌నకు కొన్ని యనుమతులు అడుగకయే ముందుగా నీయబడియుండవచ్చును. 2019లో స్పెయినునందలి పరిశోధకులు మఱికొందఱితో గలసి 200కు పైబడిన కంపెనీల ఫోనులలోని 82,000కు పైబడిన ఇట్టి యాప్‌లను పరీక్షించి, ఎవరు చేర్చిరో, ఎవరికి సమాచారము పోవుచున్నదో కొన్నవానికి స్పష్టముగ తెలియని స్థితి కలదని వెల్లడించిరి. 2021లో డబ్లిను ట్రినిటీ కళాశాల ఆచార్యుడు లీత్ పరీక్షింపగా, ఏ పనియు చేయక బల్లమీద పడియున్న ఫోను సైతము సగటున నాలుగున్నర నిమిషముల కొకసారి తన కంపెనీకి కబురు పంపుచుండెను. ఆండ్రాయిడ్ ఫోనును ఐఫోనును ఇందు ఒకటే త్రాసున తూగినవి.

ఈ కబురులన్నిటిని ఒక మనుష్యునికి ముడివేయు దారము ప్రకటనల సంఖ్య. ప్రతి ఫోనునకును అట్టిదొకటి యుండును. పేరు తెలియనక్కఱలేదు, ఈ సంఖ్యగలవాడు ఉదయము చైతన్యపురిలో నుండెను, మధ్యాహ్నము ఆసుపత్రిలో నుండెను, రాత్రి ఋణమునుగూర్చి వెదకెను అని మూడుచోట్లనుండి వచ్చిన ముక్కలను కలిపికుట్టుటకు ఆ సంఖ్య చాలును.

దీనివలన నష్టమేమి, ప్రకటన చూపినంతమాత్రమున ప్రాణము పోవునా యని యడుగువారు కలరు. 2020 డిసెంబరున తెలంగాణమున ప్రాణములే పోయినవి. కరోనా కాలమున బ్రతుకుతెరువు పోయినవారికి నిమిషములలో అప్పిత్తుమను యాప్‌లు వచ్చినవి. అవి ముందుగా చేర్చబడినవి కావు, వారే తెచ్చుకొన్నవి. కాని యప్పు కావలెనన్న ఫోనులోని పరిచయస్థుల పట్టికను ఛాయాచిత్రములను అప్పగింపవలెను. కంతు తప్పిన దినమున మేనమామకు, ఆఫీసు అధికారికి, చిన్ననాటి స్నేహితురాలికి ఈమె మోసగత్తెయని సందేశములు పోయినవి. అవమానము భరింపలేక కొందఱు ఆత్మహత్య చేసికొనిరి. పోలీసులు కాల్‌సెంటర్లపై దాడిచేసి చీనాదేశీయులతో సహా పలువురను పట్టుకొనిరి. రిజర్వుబ్యాంకు 2022 సెప్టెంబరులో అప్పుల యాప్‌లు పరిచయస్థుల పట్టికను ముట్టరాదని కట్టడిచేసినది. పరిచయస్థుల పట్టిక యనగా నేమి? ఒక కుటుంబపు చుట్టరికమంతయు. దానిని చేజిక్కించుకొన్నవాడు ఆ కుటుంబపు పరువును చేజిక్కించుకొన్నట్లే. ఏ యాప్ ఆ పట్టికను చదువుచున్నదో చూచుకొనుట యింటివారి కర్తవ్యమని మేము చెప్పుట ఇందులకే.

ఇక తొలగించు హక్కు. 2022 అక్టోబరు 20వ తేదీన భారత స్పర్ధాసంఘము గూగుల్ కంపెనీకి 1337.76 కోట్ల రూపాయల జరిమానా విధించి, ఆ కంపెనీ తన యాప్‌లను ఫోనులలో ముందుగా చేర్చినను కొన్నవాడు వానిని తొలగించుకొనుటను అడ్డగింపరాదని యాజ్ఞాపించినది. కొన్నవానిని యజమానిగా గుర్తించిన శాసనము మనదేశమున అదియే మొదటిదని చెప్పదగును. ఏకాంతమునకు సంబంధించిన చట్టముక్రింద కాక వర్తకపు పోటీని కాపాడు చట్టముక్రింద నది వచ్చుట విచిత్రము. 2023 మార్చి 29వ తేదీన అప్పీలు ట్రిబ్యునలు జరిమానాను నిలిపి, నాలుగు ఆజ్ఞలను కొట్టివేసినది. కొట్టివేసినవానిలో తొలగింపును గూర్చిన యాజ్ఞయు నొకటి. ఆఱు మాసములు కూడ నిండకమునుపే ఆ హక్కు వచ్చినదారినే పోయినది.

కంపెనీలనే తప్పుపట్టుట న్యాయము కాదు. 2025 నవంబరు 28వ తేదీన కేంద్ర టెలికాంశాఖ, సంచార్ సాథి యను తన యాప్‌ను దేశమున అమ్ము ప్రతి క్రొత్తఫోనున తొంబది దినములలో చేర్చవలెననియు, దాని పనిని ఎవరును నిలుపరాదనియు ఫోను కంపెనీలకు ఉత్తరువు పంపినది. యాప్ చెడ్డది కాదు. పోయిన ఫోనును పనికిరాకుండ చేయుటకు, దొంగసిమ్ములను కనిపెట్టుటకు మంచి సాధనమే. కాని మంచిదైనను అడుగక లోనికి వచ్చి కూర్చుండిన యతిథి యతిథి కాడు. దేశమంతట గగ్గోలు పుట్టగా, ఇచ్చవచ్చినవారు తీసివేయవచ్చునని మంత్రిగారు చెప్పిరి. డిసెంబరు 3వ తేదీన నిర్బంధమునే ఉపసంహరించుకొనిరి. ఒక ప్రజాక్షోభము ఇంత శీఘ్రముగ ఫలించుట మేము అరుదుగా చూచినాము. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణచట్టము, 2025 నవంబరున ప్రకటింపబడిన దాని నియమములును, మన సమాచారమును చెఱిపివేయుమని కోరు హక్కును మనకిచ్చుచున్నవి. ఆ సమాచారమును కూర్చు యాప్‌ను ఫోనునుండి వెడలగొట్టు హక్కును గూర్చి మాత్రము మౌనము వహించినవి.

చట్టము మౌనముగ నున్నంతమాత్రమున ఇల్లాలును విద్యార్థియు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కఱలేదు. ఒక ఆదివారపు మధ్యాహ్నము చాలును. సెట్టింగులలో యాప్‌ల పట్టికను విప్పి ఒక్కొక్కదానిని చూడవలెను. కొన్నింటిని తేలికగా తీసివేయవచ్చును. కొన్ని పోవు గాని, డిసేబుల్ అను మీటచే నిద్రపుచ్చవచ్చును. నిద్రపోవునది కబురు పంపజాలదు. రెండింటికిని లొంగనివాని యనుమతులను చూడవలెను: టార్చిదీపమునకు మన యునికితో పనిలేదు, క్యాలెండరునకు మైక్రోఫోనుతో పనిలేదు. గూగుల్ సెట్టింగులలో ప్రకటనల భాగమునకు పోయిన, ఇటీవలి ఆండ్రాయిడ్ ఫోనులలో ఆ ప్రకటనల సంఖ్యనే చెఱుపవచ్చును. ఐఫోనువారికి 2021 ఏప్రిలునుండి, ఇతర యాప్‌లలోను మా జాడ తీయరాదని ప్రతి యాప్‌నకును చెప్పు మీట కలదు. ఇంతవఱకు ఏ విద్యయు నక్కఱలేదు, అక్షరజ్ఞానము చాలును.

ఆపై మెట్టునకు కొంచెము ధైర్యము కావలెను. ఫోనును కంప్యూటరునకు తీగతో కలిపి, ఏడీబీ యను ఉచితసాధనముచే, పునాదిలోని యాప్‌ను సైతము ఆ ఫోను వాడువానివఱకు తీసివేయవచ్చును. దిల్‌సుఖ్‌నగరున కంప్యూటరు చదువు చదువు పిల్లలకిది కష్టము కాదు. పెద్దలు వారినడిగి చేయించుకొనవచ్చును. కాని తొందరపాటు కూడదు. పేరు చూచి పనికిరానిదని తీసివేసినది ఒక్కొక్కప్పుడు సిమ్మును పలికించునది కావచ్చును, అపాయకాలమున హెచ్చరికనిచ్చునది కావచ్చును. ఒక్కొక్కదానిని తీసి, ఒకదినము వేచి, ఫోను సరిగా నడచుచున్నదని చూచిన పిమ్మట రెండవదానిని ముట్టవలెను. ఏది తీసినది కాగితముమీద వ్రాసికొనవలెను. ఆ కాగితము పనికిరాదని పాఱవేయరాదు. ఈ తొలగింపు ఫోను వాడువానివఱకే గాని, యాప్ యొక్క మూలప్రతి పునాదిలో చెక్కుచెదరక యుండును. ఫోను మొండికెత్తి, ఎల్బీనగరు చౌరస్తాలోని బాగుచేయువాడు దానిని ఫ్యాక్టరీ రీసెట్ చేసిన దినమున, వెడలగొట్టబడినవారందఱును మరల వచ్చి తమ తమ చోట్ల కూర్చుందురు. ఆదివారపు పని మొదటినుండి చేయవలసియుండును.